బాలింత మనసుని ఎవరడిగారు?

పురుడు చుట్టూ మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. పురిటి నొప్పులు, పురిటి గది, పురిటి మంచం, పురిటి స్నానం, పురిటి మైల, బాలింత పథ్యం, బాలింత కాయం, మంత్రసాని, బారసాల. ఒంటికి, తిండికి, మైలకి, వేడుకకి అన్నింటికీ మాట ఉంది. మరి బిడ్డ పుట్టిన మూడో రోజున, పాలూ పడ్డాయి, బిడ్డా బాగుంది, అయినా గోడ వైపు తిరిగి ఏడుస్తున్న బాలింత సంగతేమిటి? ఆ ఏడుపుకి మన ఇళ్లలో పేరు లేదు. "దిష్టి తగిలింది" అంటారు. "పచ్చి ఒళ్లమ్మా, ఏడవకూడదు" అంటారు. మరీ శ్రుతి మించి మాటా మతీ తప్పితే "గాలి సోకింది" అనో "సన్ని కమ్మింది" అనో అంటారు. ఈ చివర దిష్టి, ఆ చివర సన్ని. మధ్యలో నెలల తరబడి సాగే దిగులుకి మాత్రం మాట లేదు.

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, మాటల లెక్క చూసుకోవడం నాకో అలవాటు. ఈ మాట మన దగ్గరే లేదా, లోకంలో అంతటా ఇంతేనా అని చూడబోతే చాలా పెద్ద కథే ఉంది. ఆ కథంతా చదివాక నాకు తోచింది ఒకటే. వైద్యులు, గురువులు, జడ్జీలు, అత్తలు, అమ్మలు అందరూ బాలింతని చూస్తూనే వచ్చారు. చూడటం వేరు, అడగడం వేరు. ఆమెని కూర్చోబెట్టి "నీ మనసెలా ఉంది?" అని వరసగా, పద్ధతిగా అడగడం మొదలై నిండా యాభై ఏళ్లు కూడా కాలేదు. ఆ కథే ఇవాళ మీతో పంచుకుంటున్నాను.

మూడు వేరు వేరు సంగతులు

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం, లేకపోతే చరిత్ర అంతా కలగాపులగం అయిపోతుంది. కాన్పు తర్వాత మనసుకి వచ్చే ఇబ్బందుల్ని ఇప్పటి డాక్టర్లు మూడుగా విడదీస్తారు.

మొదటిది బేబీ బ్లూస్. కాన్పయిన మూడు నాలుగు రోజులకి మొదలై రెండు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. ఊరికే ఏడుపు, చిన్నమాటకే మనసు చివుక్కుమనడం, ఒక నిమిషం సంతోషం, మరునిమిషం విసుగు. సగానికి పైగా తల్లులకి ఇది వస్తుంది. మాయ బయటపడగానే ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు రోజుల వ్యవధిలోనే బాగా పడిపోతాయి. దానికి నిద్రలేమి, నొప్పులు, కొత్త బాధ్యత తోడవుతాయి.

రెండోది డిప్రెషన్. రెండు వారాలు దాటినా దిగులు పోదు, దేని మీదా ఇష్టం ఉండదు, "నేను మంచి తల్లిని కాదు" అన్న తలపు వదలదు. దీనికి సాయం కావాలి, సాయం అందితే నయమవుతుంది.

మూడోది సైకోసిస్. వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. లేనివి కనపడటం, వినపడటం, రాత్రుళ్లు నిద్రే లేకుండా ఉద్రేకం, పొంతన లేని మాటలు. ఇది అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చరిత్రలో చాలాకాలం వైద్యుల కంటపడింది ఈ మూడోదే. కేకలు వేసే రోగం కనపడుతుంది. మౌనంగా ఏడ్చే రోగం కనపడదు.

గ్రీకు వైద్యుడి చిట్టా, చరకుడి పురిటిల్లు

క్రీస్తుకి నాలుగైదు వందల ఏళ్ల ముందు, గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లో రోగుల రోజువారీ వివరాలు రాసి ఉన్నాయి. అందులో సైజికస్ అనే ఊళ్లో ఒకామె. కవల ఆడపిల్లల్ని కష్టంగా కంది. మొదటి రోజు నుంచీ జ్వరం, నిద్ర లేదు, ముభావంగా ఉండిపోయింది, చెప్పిన మాట వినలేదు, తర్వాత మతి చలించింది, 17వ రోజున చనిపోయింది. ఇవాళ చదివితే అది కాన్పులో సోకిన ఇన్ఫెక్షన్ జ్వరం కావచ్చు అనిపిస్తుంది. ఏ రోజు జ్వరం ఎంత, ఏ రోజు ఎలా ఉంది అంతా ఆ వైద్యుడు శ్రద్ధగా రాశాడు. ఆమె ఏమంటోందో మాత్రం అందులో లేదు.

మన వైపు చూస్తే చరక సంహితలో శారీరస్థానం ఎనిమిదో అధ్యాయం నిండా గర్భిణి, బాలింత సంగతులే. బాలింతకి వచ్చే రోగం కుదర్చడం కష్టమని అందులో ఉంది. ఎందుకంటే కడుపులో బిడ్డ పెరుగుతూ ఆమె ధాతువులన్నీ సడలిపోయాయి, నొప్పులతోనూ రక్తం పోవడంతోనూ ఒళ్లు శూన్యమైపోయింది. ఆ శూన్యం అన్న మాట నాకు బాగా పట్టుకుంది. మన అమ్మమ్మలు "పచ్చి ఒళ్లు" అనేది దాన్నే.

అందులోనే ఇంకో మాట ఉంది. కాన్పయ్యాక 10 రోజులో, 12 రోజులో ఆడవాళ్లు, ఆప్తులు ఆమె దగ్గర మేలుకుని ఉండాలట. ఇంట్లో పాటలు, వాద్యాలు, ఆశీర్వచనాలు సాగుతూ ఉండాలట. ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్లతో, సంతోషంగా ఉండే మనుషులతో ఆ ఇల్లు నిండి ఉండాలట. రెండు వేల ఏళ్ల నాటి వైద్యగ్రంథం బాలింతకి మందుతో పాటు మనుషుల్ని కూడా రాసిచ్చింది. బేబీ బ్లూస్ వచ్చే రోజులు కూడా సరిగ్గా ఆ 10, 12 రోజుల్లోనే ఉంటాయి, గమనించారా?

కానీ మన ఇళ్లలో ఆ పద్ధతి ఎలా మిగిలిందో చూడండి. మైల పేరుతో బాలింతని విడిగా ఒక గదిలో పడుకోబెట్టడం మిగిలింది. పాటలు పోయాయి. మేలుకుని కబుర్లు చెప్పేవాళ్లు పోయారు. సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, వెల్లుల్లి కారం మిగిలాయి. పుట్టింటికి పంపడం అనే మంచి ఆచారం ఉండబట్టి కొంత నయం. సొంత తల్లి దగ్గర కనీసం నిద్రయినా దొరుకుతుంది.

అల్మరా తాళాలు అడిగిన ఇల్లాలు

ఇప్పుడు ఇంగ్లండు వెళ్దాం. 1373 ప్రాంతంలో లిన్ అనే రేవు పట్నంలో పుట్టిన మార్జరీ కెంప్ కథ ఇది. ఇరవై ఏళ్ల వయసులో పెళ్లి, వెంటనే కడుపు. కాన్పు కష్టమైంది, తను బతకదేమో అనుకుంది. మనసులో ఎన్నాళ్లుగానో దాచుకున్న ఒక తప్పు చెప్పుకుందామని మతగురువుని పిలిపించుకుంది. ఆమె అసలు మాటకి రాకముందే ఆయన గట్టిగా మందలించాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ తర్వాత మతి తప్పింది. అర ఏడాదికి పైగా దయ్యాలు కనపడ్డాయి. తన చేతిని తనే ఎంత గట్టిగా కొరుక్కుందంటే ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది. తనని తాను గాయపరుచుకోకుండా రాత్రీ పగలూ కట్టేసి ఉంచారు.

ఒక రోజు ఆమెకి ఏసుక్రీస్తు వచ్చి తన మంచం మీద కూర్చుని పలకరించినట్టు అనిపించింది. మనసు నెమ్మదించింది. అప్పుడు ఆమె భర్తని అడిగిన మొదటి కోరిక ఏమిటో తెలుసా? సామాన్ల గది తాళాలు! ఎప్పటిలాగే వెళ్లి తన తిండీ పానీయం తనే తెచ్చుకుంటానంది. కాపలా ఉన్న పనివాళ్లు ఇవ్వొద్దన్నారు, ఇస్తే ఇంట్లో ఉన్నదంతా పంచేస్తుందన్నారు. భర్త మాత్రం జాలిపడి, ప్రేమతో తాళాలు ఇప్పించాడు. ఆమె కోలుకుంది. తర్వాత మొత్తం 14 మంది పిల్లల్ని కంది. పెద్దయ్యాక తన కథని ఇతరుల చేత రాయించింది. ఇంగ్లీషు భాషలో మొదటి ఆత్మకథ అని ఇప్పుడు దాన్నే అంటారు. ఆ రాతప్రతి 1934లో బయటపడింది.

ఇంగ్లీషులో మొదటి ఆత్మకథ ఒక బాలింత మనోవ్యాధితో మొదలవుతుందని తెలిసినప్పుడు నేను కాసేపు అలాగే ఉండిపోయాను. ఆమె కథలో ఇద్దరు మనుషులున్నారు. ఒకరు మాట పూర్తి కాకముందే కోప్పడ్డారు. ఇంకొకరు ఆమె మాట నమ్మి తాళాలు చేతికిచ్చారు. మనలో ఏ ఇల్లాలికైనా ఆ తాళాల విలువ వేరే చెప్పాలా? "నువ్వు బాగానే ఉన్నావు, ఈ ఇల్లు నీదే" అని చెప్పడం అది.

పుస్తకాల్లోకి ఎక్కిన రోగం

19వ శతాబ్దం వచ్చేసరికి యూరప్‌లో డాక్టర్లు దీనికి ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పుకోవాలంటే ప్రసూతి ఉన్మాదం. లండన్‌లో రాబర్ట్ గూచ్ 1820లో దీని గురించి రాశాడు, చాలామంది కోలుకుంటారనీ చెప్పాడు. పారిస్‌లో ఎస్కిరోల్ అనే మనోవైద్యుడు 1838లో అచ్చయిన తన పుస్తకంలో ఒక ముఖ్యమైన మాట అన్నాడు. ఆసుపత్రి లెక్కల్లోకి వచ్చే బాలింతలు కొద్దిమందే, ఇళ్లలో నాలుగు గోడల మధ్య ఈ బాధ పడేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ అని. చిట్టాలకి ఎక్కనివాళ్లు ఉన్నారని గుర్తుపట్టినవాడాయన.

1858లో అదే పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే అనే 30 ఏళ్ల డాక్టరు గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మనోవ్యాధుల మీద ఒక గ్రంథమే రాశాడు. 310 మంది సంగతులు పోగుచేశాడు. సగం కంటే ఎక్కువ మందికి కాన్పయిన మొదటి ఆరు వారాల్లోనే మొదలైందని లెక్క తేల్చాడు. ఆయన 36 ఏళ్లకే పోయాడు. పుస్తకం మరుగున పడింది. తిరిగి 1980లో, ఈ జబ్బుల మీద పనిచేసే డాక్టర్లు ఒక సంఘం పెట్టుకుని దానికి మార్సే పేరే పెట్టుకున్నారు. 122 ఏళ్లు పట్టింది ఆ పేరు మళ్లీ వినపడటానికి.

ఈ మధ్యలోనే 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, చేతులు కడుక్కుని పురుడు పోస్తే బాలింత జ్వరాలు తగ్గుతాయని చూపించాడు. ఆ మాట నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు పట్టినా, జ్వరాలు తగ్గుతూ వచ్చాక ఒక సంగతి తేటపడింది. జ్వరం వల్ల వచ్చే సంధి వేరు, జ్వరమే లేకుండా మనసుకి వచ్చే జబ్బు వేరు. మనవాళ్లు రెండింటినీ కలిపి "సన్ని" అన్నట్టే అక్కడా అప్పటిదాకా రెండూ కలిసే ఉన్నాయి.

పెన్ను ముట్టుకోవద్దన్న డాక్టరు

అమెరికాలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రికి 1885లో కూతురు పుట్టింది. ఆ తర్వాత దిగులు పట్టుకుంది. బిడ్డని ఎత్తుకున్నా ఏడుపే. 1887లో ఫిలడెల్ఫియాలో పేరు మోసిన నరాల డాక్టరు వియర్ మిచెల్ దగ్గర చేరింది. ఆయన చికిత్స పేరు విశ్రాంతి చికిత్స. బాగా తినడం, పడుకోవడం, ఎవరినీ కలవకపోవడం. ఇంటికి పంపేటప్పుడు ఆయన చెప్పిన జాగ్రత్తల్ని ఆమె తర్వాత రాసింది. ఇంటి పనుల్లోనే ఉండు, బిడ్డని ఎప్పుడూ దగ్గరే ఉంచుకో, చదువూ ఆలోచనా రోజుకి రెండు గంటలు మించొద్దు, బతికున్నన్నాళ్లూ పెన్ను గానీ కుంచె గానీ ముట్టుకోవద్దు. ఆమె మూడు నెలలు ఆ మాట పాటించింది, మతి పోయే అంచుదాకా వెళ్లింది. చివరికి ఆ సలహా అవతల పారేసి రాయడం మొదలుపెట్టింది. అలా రాసినదే 1892లో అచ్చయిన "ద యెల్లో వాల్‌పేపర్" కథ. గదిలో పెట్టిన ఒక బాలింత, ఆ గది గోడ కాగితం చూస్తూ చూస్తూ మతి తప్పడం ఆ కథ. డాక్టర్లకి బుద్ధి రావాలనే రాశానని ఆమె 1913లో చెప్పింది.

ఇది చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, బాధా వచ్చింది. మన పురిటి గదుల్లో కూడా "పుస్తకం పట్టుకోకు, కళ్లు పోతాయి" అంటారు కదా! మా పెద్దది పుట్టినప్పుడు మా అమ్మ నా చేతిలోంచి వారపత్రిక తీసేసి దిండు కింద దాచేది. ఆవిడ ప్రేమకొద్దీ చేసేది, అందులో సందేహం లేదు. నాలుగో రోజున పాలగ్లాసు చల్లారిపోయిందని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అందరూ గ్లాసు వేడి చేయడానికి పరిగెత్తారు. మా అమ్మమ్మ ఒక్కతే కదల్లేదు. మంచం పట్టె మీద కూర్చుని, "పాల సంగతి తర్వాత చూద్దాం గానీ, నీకెట్లా ఉందే?" అంది. నేను జవాబు చెప్పలేదు, ఇంకా ఏడ్చాను. ఆవిడ ఆ పత్రిక దిండు కింద నుంచి తీసి తనే నాకు పైకి చదివి వినిపించింది. "చదివితే కళ్లకి గానీ వింటే చెవులకేం కాదులే" అని మా అమ్మకి సర్దిచెప్పింది. ఆవిడ చదివింది ఐదో తరగతి.

కోర్టు మెట్లెక్కిన తల్లులు

ఈ చరిత్రలో చెప్పుకోవడానికే కష్టమైన భాగం ఒకటుంది. సైకోసిస్‌లో ఉన్న తల్లి చేతిలో బిడ్డ ప్రాణం పోయిన సంఘటనలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. ఇంగ్లండులో చట్టం ప్రకారం అది హత్య, శిక్ష ఉరి. జడ్జీ నల్ల గుడ్డ తలమీద వేసుకుని ఉరిశిక్ష చదవడం, తర్వాత దాన్ని తగ్గించడం ఒక తంతుగా మారింది. చివరికి 1922లో ఒక చట్టం చేశారు. ప్రసవం వల్ల మనసు అదుపు తప్పి ఉన్న తల్లి అప్పుడే పుట్టిన బిడ్డ చావుకి కారణమైతే అది హత్యానేరం కాదని. 1938లో దాన్ని బిడ్డకి ఏడాది నిండేవరకు పొడిగించారు.

కాన్పు మనసుని కదిపేస్తుందని చట్టం ఒప్పుకోవడం పెద్ద సంగతే. కాకపోతే చూడండి, ఆ ఒప్పుకోవడం ఒక ప్రాణం పోయిన తర్వాత జరిగింది. ముందే ఆ తల్లిని ఎవరైనా అడిగి ఉంటే?

పది ప్రశ్నల కాగితం

1968లో రెండు ముఖ్యమైన పనులు జరిగాయి. అమెరికాలో ఇర్విన్ యాలోమ్, ఆయన సహచరులు కాన్పయిన మొదటి పది రోజుల ఏడుపుని ఒక అధ్యయనంగా తీసుకుని చూశారు. అదే ఏడాది లండన్‌లో బ్రైస్ పిట్ అనే డాక్టరు, ఆసుపత్రిలో కాన్పయిన మామూలు తల్లుల్ని చూసి, ప్రతి పదిమందిలో ఒకరికి డిప్రెషన్ ఉందని తేల్చాడు. వాళ్లెవరూ పిచ్చాసుపత్రిలో లేరు. ఇంట్లో వంట చేసుకుంటూ, బిడ్డకి స్నానం పోస్తూ ఉన్నవాళ్లు. అంటే ఎస్కిరోల్ చెప్పిన ఆ నాలుగు గోడల మధ్యవాళ్లు 130 ఏళ్లకి లెక్కలోకి వచ్చారు.

ఇంతలో జాన్ కాక్స్ అనే ఇంగ్లీషు మనోవైద్యుడు 1970ల్లో ఉగాండాలో పనిచేశాడు. అక్కడి గాండా ప్రజల భాషలో బాలింతకి వచ్చే మతిభ్రమకి "అమకిరో" అనే పేరే ఉంది. ఆయన దాని గురించి రాశాడు. తర్వాత స్కాట్లండుకి వచ్చి, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీలతో కలిసి 1987లో ఒక ప్రశ్నల కాగితం తయారుచేశాడు. ఎడింబరో స్కేల్ అంటారు. కేవలం పది ప్రశ్నలు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, రాబోయే వాటి కోసం ఇష్టంగా ఎదురుచూస్తున్నావా, ఏం జరిగినా తప్పు నీదే అనిపిస్తోందా, ఏడుపు వస్తోందా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా, ఇలాంటివి.

ఈ కాగితంలో ఒక తెలివైన పని ఉంది. అలసట గురించీ, ఆకలి గురించీ అందులో అడగరు. పసిబిడ్డ ఉన్న ఏ తల్లికి అలసట ఉండదు చెప్పండి? ఒళ్లు అలిసిందా అని అడిగితే అందరూ అవునంటారు, అసలు సంగతి తెలియదు. అందుకని మనసునే అడిగారు. ఇంతమంది ఇన్నేళ్లు ఒంటినే అడిగాక, మనసుని నేరుగా అడిగిన కాగితం అది. ఇప్పుడు అది ఎన్నో భాషల్లో ఉంది. మార్కులు ఎక్కువ వస్తే జబ్బు ఖాయమని కాదు, డాక్టరు ఒకసారి చూడాలని అర్థం.

ఆ తర్వాతి సంగతి నాకు ఇంకా నచ్చింది. 1989లో అదే బృందం ఒక పరీక్ష చేసింది. డిప్రెషన్ ఉన్న తల్లుల ఇళ్లకి హెల్త్ విజిటర్లు, అంటే మన ఏఎన్ఎమ్ అక్కల్లాంటి నర్సులు, వారానికి ఒకసారి చొప్పున ఎనిమిది వారాలు వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ అరగంట కూర్చుని ఆమె చెప్పేది విన్నారు. సలహాలివ్వడం కాదు, వినడం. మూడు నెలల తర్వాత చూస్తే, అలా విన్న 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలుగా వదిలేసిన 24 మందిలో 9 మందే కోలుకున్నారు. ఎనిమిది అరగంటలంటే మొత్తం నాలుగు గంటలు. మనం ఒక పెళ్లి పట్టుచీర ఎంచుకోవడానికి అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటాం.

మన గడప దాకా

"అదంతా తెల్లవాళ్ల ఇళ్లలో, ఒంటరిగా ఉండేవాళ్లకి వచ్చే జబ్బు. మనకి అమ్మా, అత్తా ఉంటారు కదా" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 23 శాతం తల్లులకి డిప్రెషన్ ఉంది. కారణాలు కూడా చూశారు. డబ్బు ఇబ్బంది, భర్తతో సరిపడకపోవడం, కొడుకు కోసం చూస్తే కూతురు పుట్టడం. 2017లో మన దేశంలో జరిగిన 38 అధ్యయనాల్ని కలిపి, 20 వేలకి పైగా తల్లుల లెక్క తీస్తే 22 శాతం వచ్చింది. ఐదుగురు బాలింతల్లో ఒకరు. ఇల్లు నిండా మనుషులున్నా ఆమె ఒంటరిగానే ఉండొచ్చు. ఆ మనుషులే "మళ్లీ ఆడపిల్లేనా" అంటున్నప్పుడు మరీను.

పక్కనే ఉన్న పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతీఫ్ రహ్మాన్ బృందం చేసిన పని 2008లో అచ్చయింది. డాక్టర్లు లేరు, మందులు లేవు. ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి తల్లులతో మాట్లాడించారు. ఆరు నెలలకి, అలా మాట్లాడినవాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. మిగతా ఊళ్లలో 53 శాతం మందికి ఉంది. ఆ ఊళ్ల తీరు, ఆ అత్తాకోడళ్ల తీరు మన ఊళ్లకి ఎంతో దూరం కాదు.

తల్లీబిడ్డల్ని విడదీయకుండా వైద్యం చేయడం కూడా మెల్లగా వచ్చింది. 1948లో ఇంగ్లండులో కాసెల్ ఆసుపత్రిలో థామస్ మెయిన్ తల్లిని బిడ్డతో పాటు చేర్చుకున్నారు. ఒకప్పుడు పిచ్చాసుపత్రులకే పేరుమోసిన లండన్ బెత్లెం ఆసుపత్రిలో ఇప్పుడు తల్లీబిడ్డల వార్డు ఉంది. దానికి ఛన్నీ కుమార్ అనే మనోవైద్యుడి పేరు పెట్టారు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లో అలాంటి వార్డు మొదలైంది. 2017 నాటి మన మానసిక ఆరోగ్య చట్టం కూడా, చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదని చెబుతోంది. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. "ఆసుపత్రికి తీసుకెళ్తే బిడ్డని లాక్కుంటారు" అనే భయంతోనే దాచిపెడతారు.

ఇంకొక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆసుపత్రి కాన్పులు 26 శాతం. 2019-21 సర్వేలో 89 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అయితే 96, 97 శాతం. అంటే ఒక్క తరంలో పురుడు మంత్రసాని చేతిలోంచి డాక్టరు చేతిలోకి వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కాన్పయ్యాక ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలన్న పద్ధతీ ఉంది. బిడ్డ బరువు తూస్తారు, జ్వరం చూస్తారు, పాలు తాగుతోందా అడుగుతారు. ఆ మూడో రోజు చూడండి, బాలింత ఏడుపు మొదలయ్యే రోజది. 14వ రోజు, ఆ ఏడుపు ఆగిపోవాల్సిన రోజు. 42వ రోజు, ఆగకపోతే డాక్టరుకి చూపించి తీరాల్సిన రోజు. తూకం రాయి పట్టుకుని వచ్చే ఆ అక్క గడప దాకా వచ్చే ఉంది. ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు.

ఆ ప్రశ్న మనమూ అడగొచ్చు

మందులూ వచ్చాయి. పాలిచ్చే తల్లులకి కూడా డాక్టర్లు చూసి ఇవ్వగలిగినవి ఉన్నాయి. అమెరికాలో 2019లోనూ 2023లోనూ ప్రత్యేకంగా ఈ డిప్రెషన్ కోసమే మందులకి అనుమతి ఇచ్చారు. అయితే మందు దాకా వెళ్లాలంటే ముందు ఎవరో ఒకరు గుర్తుపట్టాలి. ఆ పని ఇంట్లోనే జరగాలి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో బాలింత ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. మొదటి రెండు వారాల్లో ఏడిస్తే భయపడకండి, కోప్పడకండి. రాత్రి ఒక పూట బిడ్డని మీరెత్తుకుని ఆమెని నాలుగు గంటలు ఏకబిగిన పడుకోనివ్వండి. రెండు వారాలు దాటినా తేరుకోకపోతే కాన్పు చేసిన డాక్టరుకే ముందు చెప్పండి, థైరాయిడ్ కూడా చూపించండి. బిడ్డనో తననో ఏమైనా చేసుకుంటానన్నా, నిద్ర పూర్తిగా పోయినా, పొంతన లేకుండా మాట్లాడినా ఆమెని ఒంటరిగా వదలకండి, తెల్లారేదాకా కూడా ఆగకండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

బాలింతలకి కూడా ఒక మాట. అమ్మా, మీకు వచ్చినది మీ గుణం వల్ల వచ్చింది కాదు. సైజికస్‌లో, లిన్‌లో, పారిస్‌లో, గోవాలో కూడా ఇలాగే వచ్చింది. దానికి ఇప్పుడు పేరుంది, వైద్యం ఉంది. అడిగేవాళ్లు లేకపోతే మీరే చెప్పండి. ఒకరు సగంలో మందలిస్తే ఇంకొకరికి చెప్పండి.

ఇక మనం బిడ్డని చూడటానికి వెళ్తాం కదా, గౌనులు, గిలక్కాయలు పట్టుకుని. ఈసారి వెళ్లినప్పుడు ఉయ్యాల దగ్గరికి తర్వాత వెళ్దాం. ముందు మంచం పక్కన కూర్చుని ఆ పిల్లని "నీకెట్లా ఉందే?" అని అడుగుదాం. అడిగాక కాసేపు మాట్లాడకుండా ఉందాం, ఆమె చెప్పేదాకా.